ఒక్క ఎల్పీ, పదేళ్ల మోత: అటామిక్ ఫారెస్ట్ కాలం నాటి మన సైకెడెలిక్ రాక్

బొంబాయి రాక్ బ్యాండు అటామిక్ ఫారెస్ట్‌ను లోకం ఇవాళ గుర్తుపెట్టుకున్నది ఒక్క ఎల్పీతో, అంటే ఒక్క పెద్ద గ్రామఫోన్ డిస్కుతో. పేరు అబ్సెషన్ 77. పేరులో 77 ఉన్నా డిస్కు బయటికొచ్చింది 1981లో. కీత్ కంగా బొంబాయిలో ఈ బ్యాండు కట్టింది 1970ల మొదట్లో. అంటే గ్రూపు మంచి ఊపులో ఉన్న కాలానికీ ఎల్పీ అంగడికి చేరిన కాలానికీ మధ్య చాలా ఏళ్లు గడిచిపోయాయి. ఆలోపు లండన్‌లో, శాన్‌ఫ్రాన్సిస్కోలో మత్తుకలల్లాంటి వింత ధ్వనులతో సాగే సైకెడెలిక్ రాక్ పుట్టి, పెరిగి, పాతబడి, డిస్కోకు దారి ఇచ్చేసింది.

ఈ జాప్యానికి బ్యాండు బద్ధకమో, దురదృష్టమో కారణమని సరిపెట్టుకోవడం తేలిక. కానీ అదే కాలంలో బొంబాయి, కలకత్తా, మద్రాసు, బెంగళూరు, షిల్లాంగ్ గ్రూపులన్నిటిదీ దాదాపు ఇదే కథ. వేదిక మీద రాత్రుళ్లు గంటల తరబడి వాయించారు. డిస్కుల మీద మిగిలింది నిమిషాల్లోనే. వాయిద్యం, స్టూడియో, డిస్కు అనే మూడు ఇరుకు సందులు దాటితే తప్ప శబ్దం జనానికి చేరని రోజులవి. ఆ సందులే మన సైకెడెలిక్ ధ్వనికి ఒక రూపాన్నిచ్చాయి, దానిలో చాలా భాగాన్ని మింగేశాయి కూడా. అబ్సెషన్ 77ను ఈ లెక్క తెలియకుండా వింటే సగమే వినపడుతుంది.

సూది కింద నేర్చుకున్న పాట

అప్పటి గ్రూపులకు కూడు పెట్టింది సొంత పాటలు కాదు. హోటళ్లు, డిస్కోథెక్‌లు, కాలేజీ ఉత్సవాలు, ఆదివారపు జామ్ సెషన్‌లు. కలకత్తా పార్క్ స్ట్రీట్‌లో ట్రింకాస్, బొంబాయి తాజ్ హోటల్లో బ్లో అప్, కొలాబా వైపు స్లిప్ డిస్క్, ఢిల్లీ కనాట్ ప్లేస్‌లో సెల్లార్ లాంటి చోట్ల నెలజీతం మీదో, రాత్రికింతని మాట్లాడుకునో వాయించేవారు. అక్కడికొచ్చేవాళ్లు అడిగేది తమకు తెలిసిన పాటే. మూడు నాలుగు గంటలు సభను నడపాలంటే నలభై యాభై పాటలు వేళ్ల చివర ఉండాలి. అందుకే అటామిక్ ఫారెస్ట్ సహా అందరూ పరాయి పాటలతోనే పేరు తెచ్చుకున్నారు. దాన్ని అనుకరణ అని తీసిపారేసే విమర్శకులకు ఆ రోజుల్లో పాట నేర్చుకోవడం ఎంత పనో తెలిసినట్టు లేదు.

స్వరలిపి పుస్తకాలు దొరికేవి కావు. విదేశం నుంచి ఎవరో తెచ్చిన డిస్కు ఒక రాత్రికి చేతిలో ఉంటుంది. నాలుగు వేగాల రికార్డు ప్లేయర్ ఉన్నవాళ్ల పని కాస్త సులువు. 33⅓ వేగపు ఎల్పీని 16⅔ మీద పెడితే వేగం సరిగ్గా సగమవుతుంది, స్థాయి సరిగ్గా ఒక అష్టకం కిందికి దిగుతుంది. శ్రుతి మారదు కాబట్టి గిటార్‌ను కదపకుండానే గమకం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో పట్టుకోవచ్చు. 45 వేగపు చిన్న డిస్కును 33 మీద పెడితే మాత్రం చిక్కే. స్థాయి అయిదు స్వరస్థానాలకు పైచిలుకు దిగుతుంది, ఆ పైచిలుకు ఏ మెట్టుకూ సరిపోదు. అప్పుడు తీగలను చెవితో దించి డిస్కుకు సరిపెట్టుకోవాలి, తర్వాత మళ్లీ ఎక్కించుకోవాలి. తీగలు కొత్తవి దొరకని ఊళ్లో ఇలా పదేపదే దించి ఎక్కిస్తే తెగేది మొదట సన్నతీగే.

డిస్కు దొరకనివాళ్లకు షార్ట్‌వేవ్ రేడియో, ముఖ్యంగా రేడియో సిలోన్ దిక్కు. షార్ట్‌వేవ్‌లో ఒకే సంకేతం రెండు దారుల్లో వచ్చి కలిసేటప్పుడు కొన్ని పౌనఃపున్యాలు కొట్టుకుపోయి, శబ్దం సుళ్లు తిరిగినట్టు వినిపిస్తుంది. విదేశీ స్టూడియోలు రెండు టేపు యంత్రాలను కాస్త ముందూ వెనకా నడిపి కష్టపడి సాధించిన ఫ్లాంజింగ్ కూడా ఇలాంటిదే. మన కుర్రాళ్లు కొన్ని మామూలు పాటలను కూడా సైకెడెలిక్‌గా విని ఉంటారనడంలో అతిశయోక్తి ఏమీ లేదు.

280 డాలర్ల గిటార్, పెళ్లిపందిరి యాంప్లిఫయర్

1966 జూన్ 6న రూపాయి విలువ తగ్గించారు. డాలరుకు 4.76 రూపాయలున్నది 7.50 అయింది. అమెరికాలో అప్పట్లో సుమారు 280 డాలర్లున్న ఫెండర్ స్ట్రాటోకాస్టర్ ఒక్క రోజులో 1,330 రూపాయల సరుకు నుంచి 2,100 రూపాయల సరుకైంది. దాని మీద దిగుమతి సుంకం వేరే. అంతకంటే ముందు దిగుమతి లైసెన్సు అనే గోడ. అందుకే అసలు విదేశీ గిటార్ ఓడ ఉద్యోగుల చేతుల్లోనో, తిరిగి వెళ్లే ఖర్చుల కోసం అమ్ముకునే హిప్పీ ప్రయాణికుల దగ్గరో దొరకాలి. మిగతావాళ్లు కలకత్తాలో తయారయ్యే గివ్‌సన్ లాంటి గిటార్లతోనే మొదలెట్టారు. వీటిలో తరచూ వచ్చే తంటా మెడది. సరిగా ఆరని కర్ర వానాకాలంలో ఉబ్బి, ఎండాకాలంలో ముడుచుకుంటుంది. తీగలు పలక నుంచి 3 మిల్లీమీటర్లు పైకి లేస్తే పన్నెండో మెట్టు (ఫ్రెట్) దాటాక నొక్కిన ప్రతి స్వరమూ శ్రుతి కంటే హెచ్చుగా పలుకుతుంది. పైమెట్ల మీద సుదీర్ఘంగా సాగే సోలోలకు ఇది పెద్ద శత్రువు.

గిటార్ కంటే పెద్ద చిక్కు యాంప్లిఫయర్. ఊళ్లో దొరికేది సభలకూ పెళ్లిళ్లకూ అద్దెకిచ్చే మైకు సెట్టు. దాని మైకు సాకెట్‌లో గిటార్ వైరు గుచ్చితే మోత వస్తుంది గానీ, దుప్పటి కప్పినట్టు వస్తుంది. కారణం లెక్కలో ఉంది. తీగల కదలికను కరెంటుగా మార్చే గిటార్ పికప్ అంటే వేల చుట్ల రాగితీగ. దాని ఇండక్టెన్స్ (మారే కరెంటును అడ్డుకునే గుణం) 3 హెన్రీలు అనుకుంటే 4,000 హెర్ట్జ్ దగ్గర అది 75 కిలో ఓమ్‌ల అడ్డుగా నిలుస్తుంది. ఎదురుగా మైకు సాకెట్ 50 కిలో ఓమ్‌లదైతే ఆ పౌనఃపున్యం దాదాపు సగానికి పడిపోతుంది. గిటార్ మెరుపంతా ఉండేది అక్కడే. అదే 1 మెగా ఓమ్ సాకెట్ అయితే తేడా పట్టించుకోనక్కర్లేదు.

రేడియో మెకానిక్‌లకు ఈ సంగతి తెలుసు. గాజుబుడ్డి వాల్వులతో నడిచే రేడియోల వెనుకా, పాత యాంప్లిఫయర్ల మీదా గ్రామఫోన్ కోసం ఇంకో సాకెట్ ఉండేది. క్రిస్టల్ పికప్ కోసం పెట్టింది కాబట్టి అది 500 కిలో ఓమ్‌ల నుంచి 1 మెగా ఓమ్ దాకా ఉంటుంది. గిటార్ అక్కడ పెడితే స్వరం తేటగా వస్తుంది, కాకపోతే బలం చాలదు. మధ్యలో ఒక ఈసీసీ 83 వాల్వుతో చిన్న ప్రీయాంప్లిఫయర్ కట్టి బలం పెంచుకునేవారు. బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ వాల్వులు దేశంలోనే తయారు చేయడం వల్ల ఈ పని సాధ్యమైంది.

ఇందులో ప్రాణాపాయం కూడా ఉంది. ఏసీకీ డీసీకీ పనిచేసేలా చేసిన చౌక రేడియోలకు మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. ఛాసిస్, అంటే లోపలి లోహపు చట్రం, నేరుగా కరెంటు తీగకే తగిలి ఉంటుంది. రెండు కాళ్ల ప్లగ్గును తిప్పి గుచ్చితే గిటార్ తీగల మీద 230 వోల్టులు కూర్చుంటాయి. ఒక చేత్తో తీగలు పట్టుకుని ఎర్త్ అయిన మైకును పెదవితో తాకితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న సెట్టు తీసుకోవడం, మైకు సెట్టు, గిటార్ సెట్టు రెంటినీ ఒకే ఫేజ్ మీద, ఒకే ఎర్త్ మీద పెట్టడం, పాట మొదలెట్టే ముందు తీగలకూ మైకుకూ మధ్య టెస్టర్ పెట్టి చూడటం తప్పనిసరి జాగ్రత్తలు.

సాయంత్రం వోల్టేజీ 180కి పడిపోయే ఊళ్లలో మరో విచిత్రం జరిగేది. వాల్వు హీటర్‌కు 6.3 వోల్టులు అందాల్సిన చోట 4.9 మాత్రమే అందుతాయి, వాల్వును నడిపే హెచ్చు వోల్టేజీ (హెచ్‌టీ) కూడా అదే పాళ్లలో దిగుతుంది. యాంప్లిఫయర్ తన పూర్తి బలంలో సగానికే పగిలి, మెత్తగా గురగురలాడుతుంది. ఇప్పుడు ఈ ధ్వని కోసం వోల్టేజీ తగ్గించే పెట్టెలు కొంటున్నారు. అప్పుడు విద్యుత్ బోర్డు ఉచితంగా ఇచ్చేది, వాల్వుల ఆయుష్షు మాత్రం తీసుకునేది.

ఫజ్ పెట్టె, రెండు ట్రాన్సిస్టర్లు, మే నెల

సైకెడెలిక్ గిటార్ అనగానే చెవిలో మెదిలే తుమ్మెద రొద ఫజ్‌దే, అంటే గిటార్ స్వరాన్ని కావాలని పగలగొట్టే పెట్టెదే. అప్పటి విదేశీ ఫజ్ పెట్టెల్లో బాగా పేరుపడిన సర్క్యూట్ మన రేడియో దుకాణం సామానుతోనే కట్టుకోదగ్గది. అందులో ఉండేవి రెండు జెర్మేనియం పీఎన్‌పీ ట్రాన్సిస్టర్లు, నాలుగు రెసిస్టర్లు, మూడు కెపాసిటర్లు, రెండు పొటెన్షియోమీటర్లు. వాడిన ట్రాన్సిస్టర్ రకాల్లో ఒకటి ఏసీ 128. ట్రాన్సిస్టర్ రేడియోల అవుట్‌పుట్ దశలో ఉండే భాగమే అది. మన దగ్గర రిపేరు బల్ల మీద సులువుగా దొరికేది.

కట్టు ఇది. గిటార్ నుంచి 2.2 మైక్రో ఫారడ్ కెపాసిటర్ ద్వారా మొదటి ట్రాన్సిస్టర్ బేస్‌కు వెళ్లాలి. దాని కలెక్టర్‌కు సప్లై నుంచి 33 కిలో ఓమ్‌లు. ఆ కలెక్టర్ నేరుగా రెండో ట్రాన్సిస్టర్ బేస్‌కు. రెండోదాని కలెక్టర్‌కు సప్లై వైపు 470 ఓమ్‌లు, 8.2 కిలో ఓమ్‌లు వరుసగా. ఆ రెంటి నడుమ నుంచి 0.01 మైక్రో ఫారడ్ గుండా 500 కిలో ఓమ్‌ల వాల్యూమ్‌కు. రెండోదాని ఎమిటర్ కింద 1 కిలో ఓమ్ ఫజ్ పొటెన్షియోమీటర్, దాని నడిమి కాలికి 20 మైక్రో ఫారడ్. ఎమిటర్ నుంచి మొదటిదాని బేస్‌కు 100 కిలో ఓమ్‌ల ఫీడ్‌బ్యాక్. 9 వోల్టుల బ్యాటరీ లేకుంటే 1.5 వోల్టుల సెల్లులు ఆరు వరుసగా పెడితే సరిపోతుంది. పీఎన్‌పీ కాబట్టి పాజిటివ్ వైపే భూమి. మన మెకానిక్‌లు అలవాటు కొద్దీ నెగెటివ్‌ను పెట్టెకు కలిపితే పెట్టె పలకదు, కొన్నిసార్లు ట్రాన్సిస్టర్ పోతుంది.

అన్నీ సరిగా కట్టినా పది పెట్టెల్లో అయిదారు మొరాయిస్తాయి. దోషం కట్టులో ఉండదు, జెర్మేనియంలో ఉంటుంది. బేస్‌కు ఏమీ కలపకపోయినా ఈ ట్రాన్సిస్టర్లలో కాస్త కరెంటు కారుతుంది. ఉష్ణోగ్రత సుమారు 10 డిగ్రీలు పెరిగితే ఆ కారుడు రెట్టింపు. 25 డిగ్రీల దగ్గర 100 మైక్రో ఆంపియర్లున్నది 45 డిగ్రీలకు 400 అవుతుంది. మొదటి ట్రాన్సిస్టర్‌కు 33 కిలో ఓమ్‌ల గుండా అందే మొత్తం కరెంటే 250 మైక్రో ఆంపియర్ల చిల్లర. కారుడు ఆ దరిదాపులకు చేరగానే మొదటిది పూర్తిగా తెరుచుకుపోతుంది, రెండోదానికి బేస్ కరెంటు అందక మూసుకుంటుంది. వినేవాళ్లకు ఎలా ఉంటుందంటే, స్వరం మొదలైన వెంటనే చిటపటలాడి, తోక లేకుండా తెగిపోతుంది. డిసెంబరులో తుమ్మెదలా పలికిన పెట్టె మే నెల ఆరుబయట కచేరీలో చచ్చిపోవడానికి కారణం ఇదే. కలకత్తా హోటల్లో ఏసీ గదిలో వాయించే గ్రూపుకూ, మద్రాసు కాలేజీ మైదానంలో వాయించే గ్రూపుకూ ఒకే పెట్టె ఒకేలా పలకదు.

సరిచూసుకోవడం కష్టం కాదు. ట్రాన్సిస్టర్ కలెక్టర్‌కూ 9 వోల్టులకూ మధ్య 2.4 కిలో ఓమ్‌లు పెట్టి, ఎమిటర్‌ను రెండో కొసకు కలిపి, బేస్‌ను గాలిలో వదిలి, ఆ రెసిస్టర్ మీద వోల్టేజీ చూడాలి. 0.24 వోల్టులుంటే కారుడు 100 మైక్రో ఆంపియర్లు, పనికొస్తుంది. 0.7 దాటితే పక్కన పడేయాలి. ఉన్నవాటిలో తక్కువ కారేది మొదటి స్థానంలో, ఎక్కువ గుణకం (కరెంటును ఎన్ని రెట్లు పెంచుతుందనే లెక్క) ఉన్నది రెండో స్థానంలో పెట్టాలి. మొదటిదానికి 70 నుంచి 80, రెండోదానికి 110 నుంచి 130 గుణకం బాగుంటుంది. ఆ తర్వాత 8.2 కిలో ఓమ్‌ల స్థానంలో 20 కిలో ఓమ్‌ల ప్రీసెట్ (తిప్పి మార్చగల రెసిస్టర్) పెట్టి, రెండోదాని కలెక్టర్ దగ్గర 4.5 వోల్టులు వచ్చేలా తిప్పాలి. పరీక్షించేటప్పుడు ట్రాన్సిస్టర్‌ను వేళ్లతో పట్టుకోకూడదు. ఒంటి వేడికే రీడింగ్ ఎక్కేస్తుంది. టంకం వేసిన వెంటనే చూసినా అంతే, పావుగంట ఆగాలి. వేదిక మీద పెట్టెను వాల్వ్ యాంప్లిఫయర్ నెత్తిన పెట్టడం అందరూ చేసే పొరపాటు. నేల మీద, నీడలో ఉండాలి.

ఎకో కథ వేరు. మూడు హెడ్‌లున్న టేప్ రికార్డర్ దొరికితే చాలు. రికార్డు హెడ్‌కూ ప్లే హెడ్‌కూ మధ్య 5 సెంటీమీటర్లుంటే, సెకనుకు 19 సెంటీమీటర్ల వేగంలో ప్రతిధ్వని 0.26 సెకన్లకు తిరిగొస్తుంది. వేగం సగానికి తగ్గిస్తే 0.52. ప్లే హెడ్ శబ్దాన్ని కొంచెం కొంచెంగా మళ్లీ రికార్డు వైపు తిప్పితే తెరలు తెరలుగా సాగుతుంది, మోతాదు మించితే తనంతట తానే ఊళ వేయడం మొదలెడుతుంది. టేపు ముక్కలు అరుదైన రోజుల్లో ఒకే చుట్టును పదేపదే అరగదీయడం వల్ల పైస్వరాలు మాసిపోయేవి. ఇవాళ ఆ మసక ధ్వనినే ముచ్చటగా వింటున్నారు.

స్టూడియో గుమ్మం

బీటిల్స్ గ్రూపు గిటారిస్టు జార్జ్ హారిసన్ 1968 జనవరిలో బొంబాయి హెచ్‌ఎంవీ స్టూడియోకు వచ్చి ఒక సినిమా సంగీతం రికార్డు చేశాడు. అక్కడున్నవి మోనో (ఒకే ట్రాకు) యంత్రాలే. గ్రామఫోన్ కంపెనీకి చెందిన భాస్కర్ మీనన్ రెండు ట్రాకుల స్టీరియో యంత్రాన్ని కలకత్తా నుంచి రైల్లో తెప్పించాల్సి వచ్చింది. గదికి శబ్దనిరోధం అంతంతమాత్రం కావడంతో రోడ్డు మీద టాక్సీల చప్పుడు కూడా టేపులోకి దూరింది. లండన్‌లో బీటిల్స్ అప్పటికే నాలుగు ట్రాకుల మీద పనిచేస్తున్నారు. బీటిల్‌కే ఇదీ పరిస్థితి అయితే, కాలేజీ కుర్రాళ్ల గ్రూపుకు దక్కే గంటలెన్నో ఊహించుకోవచ్చు.

ఒక్క ట్రాకు మీద గిటార్‌కు గిటార్ జోడించాలంటే ఒకటే దారి. మొదటి టేపును మోగిస్తూ, దానితోపాటు కొత్తది వాయిస్తూ, రెంటినీ కలిపి రెండో యంత్రంలో పట్టాలి. రెండో తరానికి టేపు బుసబుస 3 డెసిబెల్స్ పెరుగుతుంది, మూడో తరానికి దాదాపు 5. మొదట వేసిన డ్రమ్ము ఎక్కువైందని మూడో పొరలో తెలిస్తే చేసేదేమీ లేదు, మళ్లీ మొదటి నుంచి మొదలెట్టాలి. గంట అద్దె నడుస్తుంటుంది. అందుకే మన గ్రూపులు చాలావరకు అందరూ ఒకేసారి వాయించి ఒకటి రెండు ప్రయత్నాల్లో ముగించాయి. ఆ రికార్డుల్లో వినిపించే తొందర, పచ్చిదనం శైలి కోసం ఎంచుకున్నవని పొంగిపోనక్కర్లేదు, సమయం అంతే ఉంది.

డిస్కు మరో జల్లెడ. 45 వేగపు ఏడంగుళాల డిస్కులో ఒక వైపు మంచి మోతతో పట్టేది అయిదు నిమిషాలు. ఏడెనిమిది దాకా లాగొచ్చు గానీ గాడి సన్నబడి శబ్దం తగ్గుతుంది. మంద్రస్వరాలు గాడిని వెడల్పు చేస్తాయి కాబట్టి గాడి కోసే ఇంజనీరు వాటిని కత్తిరిస్తాడు. బేస్ గిటార్ మీద నడిచే సంగీతానికి అది గొంతు నులమడమే. ఇక వేదిక మీద పావుగంట సాగే జామ్ (అప్పటికప్పుడు అల్లుకునే వాయింపు) ఎక్కడ పట్టాలి? ఎల్పీ అయితే వైపుకు 20 నిమిషాలు పడుతుంది, కానీ ఎల్పీ అచ్చొత్తాలంటే కంపెనీకి అమ్మకం మీద నమ్మకం కుదరాలి.

ఆ నమ్మకాన్ని కొన్నాళ్లు ఒక సిగరెట్టు కంపెనీ పెట్టింది. సిమ్లా సిగరెట్ల ప్రచారం కోసం నడిపిన ఆల్ ఇండియా సిమ్లా బీట్ అనే గ్రూపుల పోటీల నుంచి 1970, 1971లలో రెండు సంకలన ఎల్పీలు వచ్చాయి. కలకత్తా గ్రేట్ బేర్, షిల్లాంగ్ ఫెంటోన్స్, బెంగళూరు డైనసార్స్ లాంటి గ్రూపులు ఇవాళ వినిపిస్తున్నాయంటే ఈ రెండు డిస్కుల పుణ్యమే. ఒక్కో గ్రూపుకు దక్కింది ఒకటో రెండో పాటలు. వీటిని విని అప్పటి గ్రూపులు చిన్న చిన్న పాటలే వాయించాయనుకోవడం పొరపాటు, గాడి కొలతకు కుదించుకున్న పాటలవి. ఈ రంగాన్ని వారం వారం రాసిపెట్టిన కలకత్తా పత్రిక జూనియర్ స్టేట్స్‌మన్ 1967లో మొదలై 1977లో మూతపడింది. దాంతో కాగితం మీద సాక్ష్యం కూడా సన్నగిల్లింది.

కలకత్తా దారి వేరు

పరాయి పాటల మీద బతకబోమని తెగించిన గ్రూపు ఒకటుంది. 1975 ప్రాంతంలో గౌతమ్ చట్టోపాధ్యాయ్ చుట్టూ కలకత్తాలో ఏడుగురు చేరి మహీనేర్ ఘోడాగులి కట్టారు. పేరు జీవనానంద దాస్ కవిత నుంచి తీసుకున్నదే. బెంగాలీలో సొంత పాటలు, బెంగాల్ జానపద బావుల్ బాణీలు, జాజ్ మెట్లు, వయొలిన్, శాక్సఫోన్, ఎలక్ట్రిక్ గిటార్ అన్నీ కలిపారు. 1977, 1978, 1979లలో ఏడాదికొక డిస్కు వచ్చింది. మూడూ కలిపినా పది పాటలు లేవు. 1981లో చెదిరిపోయారు. అప్పటి శ్రోతలు పెద్దగా పట్టించుకోలేదు. 1995లో గౌతమ్ కొత్త తరం గాయకులతో కలిసి సంకలనం తెచ్చాకే బెంగాల్ ఆ పాటలను నెత్తిన పెట్టుకుంది. ఆయన 1999లో కన్నుమూశాడు.

బొంబాయి గ్రూపులతో పోలిస్తే ఇక్కడ తేడా భాషలో ఉంది. ఇంగ్లిషు పాటకు మార్కెట్టు హోటలు గుమ్మం దాకానే. హోటల్ సంగీతం డిస్కో వైపు మళ్లగానే ఆ మార్కెట్టు ముగిసింది. బెంగాలీ పాట నష్టపోయినా ఇళ్లలో ఉండిపోయింది, పదిహేనేళ్ల తర్వాత పాడుకోవడానికి మనుషులు మిగిలారు. మద్రాసులోనూ ఇంగ్లిషు గ్రూపులున్నాయి, తెలుగు యువకులు వాటిని విన్నారు. అయినా ఆ ఊపు తెలుగు పాటలోకి గ్రూపుల ద్వారా రాలేదు, సినిమా ఆర్కెస్ట్రా గిటార్ ద్వారా వచ్చింది. నెలజీతం లేని గిటారిస్టుకు కాల్షీటు డబ్బు ఖాయంగా అందేది అక్కడే మరి.

మళ్లీ ఆ ఎల్పీ దగ్గరికి

బొంబాయిలో 1972లో బ్రిటిష్ రాక్ గ్రూపు లెడ్ జెప్లిన్‌కు చెందిన జిమ్మీ పేజ్, రాబర్ట్ ప్లాంట్ స్లిప్ డిస్క్‌లో అక్కడి వాయిద్యాలతోనే వాయించి వెళ్లారు. అదే ఏడాది ఊళ్లోని వాద్యబృందంతో వాళ్లు చేసుకున్న రికార్డింగులు అధికారికంగా వెలువడటానికి 2015 దాకా పట్టింది. అంత పెద్ద పేరున్నవాళ్ల టేపులే నలభై ఏళ్లు బీరువాలో పడి ఉన్నాయి.

1974లో నాటక దర్శకుడు అలీక్ పదమ్సీ బొంబాయిలో జీసస్ క్రైస్ట్ సూపర్‌స్టార్ రాక్ ఒపెరాను వేదికకెక్కించాడు. క్రీస్తు పాత్ర అటామిక్ ఫారెస్ట్ గాయకుడు మధుకర్ చంద్రదాస్‌ది, జూదాస్ పాత్ర నందు భెండేది. రాక్ గొంతుకు హోటల్ గోడలు దాటి నాటకశాల ప్రేక్షకుల దాకా వెళ్లే అవకాశం దొరికిన అరుదైన సందర్భం అది. గాయకుడిగా మధుకర్ బలం కూడా అక్కడే తెలుస్తుంది. మైకు సెట్టు మీద అరవకుండా, ఆరోహణను నిలబెట్టి పాడగల గొంతు.

1981 నాటికి అంగడి మారిపోయింది. అబ్సెషన్ 77లో ఫంక్, డిస్కో ఛాయలు ఎందుకు అంతగా ఉన్నాయంటే, డిస్కోథెక్‌లో రోజూ వాయించే గ్రూపు ఆ రోజు జనం ఆడేదే వాయిస్తుంది. 1973 నాటి గ్రూపును ఈ డిస్కులో వెతికితే నిరాశ తప్పదు. వినాల్సిన తీరు వేరు. ముందు లయ విభాగం మీద చెవి పెట్టాలి. వేలాది గంటలు నాట్యవేదిక దగ్గర నిలబడ్డ జట్టుకు ఉండే బిగి అది, స్టూడియో గ్రూపులకు సులువుగా రాదు. తర్వాత గిటార్. డిస్కో తాళం మీద కూడా ఫజ్, వావా (కాలితో తొక్కి స్వరాన్ని ఊగించే పెట్టె) వదలకుండా పట్టుకున్న చోట్ల పాత అటామిక్ ఫారెస్ట్ బయటపడుతుంది. ఈ రెండు పొరలూ అతకని చోట్లు కూడా ఉన్నాయి. గొప్ప ఎల్పీ అని పొగడటం కంటే, నిజాయతీగల ఎల్పీ అనడం సబబు.

2011లో లాస్ ఏంజిలెస్ నౌ అగైన్ సంస్థ దీన్ని తిరిగి విడుదల చేశాక ప్రపంచం దృష్టి పడింది, పాత ప్రతుల ధరలు ఎగిశాయి. దొంగ ప్రతులూ పెరిగాయి. టేపు నుంచి కాక పాత డిస్కు నుంచి ఎక్కించిన ప్రతిని పోల్చుకోవడం తేలిక. పాట మొదలు కాకముందే గాడి చప్పుడు మొదలవుతుంది, లేదా నిశ్శబ్దం నుంచి పాట కత్తిరించినట్టు హఠాత్తుగా పుడుతుంది. రెండు పాటల మధ్య చిటపటలు కొత్త డిస్కులో కూడా ప్రతిసారీ సరిగ్గా అదే చోట వినిపిస్తే అవి ఈ డిస్కువి కావు, మూలప్రతివి.

సిమ్లా బీట్ కాలపు మోనో డిస్కు చేతికొస్తే, స్టీరియో కార్ట్రిడ్జ్ (సూదిని పట్టే భాగం) రెండు ఛానళ్లను కలిపి ఒకటిగా వినాలి. గాడిలో నిలువుగా పుట్టే చప్పుడు అప్పుడు కొట్టుకుపోతుంది. మోనో గాడి వెడల్పు, 25 మైక్రాన్ల సూది సరిగ్గా కూర్చుంటుంది. 18 మైక్రాన్ల స్టీరియో సూది అడుగుకు జారి అక్కడి మట్టిని వినిపిస్తుంది. కొన్నిసార్లు అదే మేలు, పాత ప్లేయర్ల బరువు సూదులు గాడి గోడల నడుమను అరగదీసి ఉంటే సన్నసూది అరగని చోటును పట్టుకుంటుంది. రెండూ పెట్టి చూసి తేల్చుకోవాలి.

అసలు నిధి ఇంకా ఇళ్లలో ఉన్న కచేరీ టేపుల్లోనే ఉంది. అలాంటి చుట్ట దొరికితే వెంటనే మోగించకూడదు. ముందు వెలుతురుకు ఎదురుగా చుట్టను పక్క నుంచి చూడాలి. కాంతి దూరి ఎర్రగా కనిపిస్తే టేపు పట్టీ అసిటేటు ప్లాస్టిక్‌ది, దూరకపోతే పాలియెస్టర్‌ది. పులిసిన వినెగర్ వాసన వచ్చేది అసిటేటే, దాన్ని వేడి చేయకూడదు, ఎండిపోయి విరుగుతుంది. 1970ల నడుమ నుంచి వచ్చిన, వెనుక నల్లపూత ఉన్న పాలియెస్టర్ టేపు హెడ్‌లకు జిగురులా అంటుకుంటే మాత్రం 54 డిగ్రీల దగ్గర ఎనిమిది గంటలకు తగ్గకుండా, ఫ్యాన్ ఉన్న పెట్టెలో ఆరబెట్టాలి. వంటింటి ఓవెన్ పనికిరాదు, దాని వేడి పదేసి డిగ్రీలు ఊగుతుంది. ఆరాక ఒక రోజు చల్లారనిచ్చి, హెడ్ వాలును టేపుకు సరిపెట్టి, పైస్వరాలు అన్నిటికంటే తేటగా వినిపించే చోట బిగించాలి. మొదటిసారి మోగించేటప్పుడే డిజిటల్‌లోకి ఎక్కించాలి. ఆరబెట్టిన టేపు కొన్ని వారాల్లో మళ్లీ జిగురెక్కుతుంది, అసిటేటు ప్రతిసారీ కొంత రాలుతుంది.